నాలుకకు అందని నిజం: నల్లగొండ నేలనీరు

చెరువు త్రవ్వించుట, బావి త్రవ్వించుట తెలుగునాట ఒకప్పుడు పుణ్యకార్యాలు. సప్తసంతానాలలో కొడుకుతోపాటు, కావ్యంతోపాటు తటాకాన్ని కూడ లెక్కించిన జాతి ఇది. ఊరికి ఒక మంచి బావి త్రవ్వించినవాని పేరు అతని మనుమల కాలందాక నిలిచేది. ఆ బావులకు జనం పెట్టుకొన్న పేర్లలోనే వాటి యోగ్యతాపత్రం ఉండేది. ఒకటి మంచినీళ్ల బావి. మరొకటి ఉప్పునీళ్ల బావి. పరీక్షాధికారి నాలుక, ప్రయోగశాల వంటిల్లు. కందిపప్పు త్వరగా ఉడికితే అది మంచినీరు; ఎంత మంట పెట్టినా బద్ద బద్దగా మిగిలితే కాదు. బట్టకు సబ్బు నురుగు చక్కగా పట్టితే మంచినీరు. తెట్టు కట్టి విరిగిపోతే కాదు.

ఈ పరీక్షలు అబద్ధాలు కావు. నీటిలో కరిగిన ఉప్పును నాలుక పట్టి ఇచ్చేది. సున్నపు పాలును, మెగ్నీషియంను పప్పూ సబ్బూ పట్టి ఇచ్చేవి. కొన్ని వందల ఏండ్లు తెలుగు పల్లెలు ఈ జ్ఞానం మీదనే బ్రతికినవి. అయితే ఈ పరీక్షలన్నిటిలో ఉత్తీర్ణమైన నీరే నల్లగొండ సీమలో తరతరాల వెన్నెముకలను వంచినది. పిల్లల పళ్లమీద మచ్చలు వేసినది. నాలుకకు తీయగా ఉన్న నీరు ఎముకకు విషమైనది. నేల అడుగున ఉన్న నీటిని కొలవకుండ, వ్రాసి ఉంచకుండ నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి ఈ జిల్లా కథకు మించిన పాఠం తెలుగుదేశంలో మరొకటి లేదు.

మూడు పట్టణాలు, మూడు నీళ్లు

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే రహదారిమీద సూర్యాపేట, కోదాడ వరుసగా వస్తాయి. వాటికి నైరుతిగా, కృష్ణానదికి దగ్గరగా, బియ్యపు మిల్లులకు పేరుపడిన మిర్యాలగూడ ఉన్నది. మూడూ ఒకనాటి నల్లగొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న సూర్యాపేట వేరు జిల్లా అయినప్పుడు కోదాడ అందులో చేరినది. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది.

పటంమీద ఈ మూడూ దగ్గర దగ్గర చుక్కలే. నేల అడుగున మాత్రం ఒకదానికొకటి పోలిక లేని లోకాలున్నవి. ఉత్తరాన సూర్యాపేట వైపు నేలంతా అతి పురాతనమైన గ్రానైటు, దాని జాతి రాళ్లు. దక్షిణాన కృష్ణ ఒడ్డుకు దిగుతూ పోతే హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మఠంపల్లి, దామరచర్ల ప్రాంతాలలో సున్నపురాయి, పొరలు పొరలుగా విడిపోయే షేల్ రాయి కనుపిస్తాయి. సిమెంటు కర్మాగారాలు అక్కడ వెలసినది ఆ సున్నపురాతి కొరకే. ఈ రాళ్లపైన నాగార్జునసాగరు ఎడమ కాలువ పారుతుంది. సూర్యాపేటకు పడమరగా మూసీనది హైదరాబాదు నగరపు మురుగును కూడ మోసికొని దిగి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది.

కనుక ఈ ప్రాంతపు బావినీటిలో ఏమున్నదని అడిగితే మూడు చోట్ల వెదకవలసి ఉన్నది. రాయి ఇచ్చినది కొంత. పొలంలో చల్లిన ఎరువు ఇచ్చినది కొంత. నగరం విడిచినది కొంత. ఇందులో మొదటిదే అన్నిటికంటె పాతది.

రాతిలో పుట్టిన కీడు

ఫ్లోరైడు స్వభావంచేత విషం కాదు. మితంగా అందితే దంతాలకు మేలు చేస్తుంది. ఆ మితం మాత్రం చాల సన్ననిది. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము, అనగా గ్రాములో వెయ్యవ వంతు, వరకు అంగీకరించవచ్చునని భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించినది. వేరే నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహించవచ్చునన్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పిన హద్దు కూడ 1.5. ఇది దాటితే అపకారం మొదలవుతుంది. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, తాగే నీటిలో ఉండే పాళ్లలో రుచి లేదు. నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి కాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ అది మరింత చిక్కబడుతుంది.

నల్లగొండ గ్రానైటులో ఫ్లోరైడు కిలోకు 325 మొదలు 3,200 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు పరిశోధకులు కొలిచినారు. సగటు 1,440. ప్రపంచంలోని గ్రానైటుల సగటు దాదాపు 810 మాత్రమే. ఫ్లోరైటు, ఎపటైటు, నల్ల అభ్రకం వంటి ఖనిజాలలో ఇది దాగి ఉంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ అయిన ఈ మెట్టసీమలో నేలలోకి ఇంకిన నీరు రాతి పగుళ్లలో ఏండ్ల తరబడి నిలిచి, ఆ ఖనిజాలను మెల్లమెల్లగా కరిగించుకొంటుంది.

ఇక్కడనే విద్యార్థులు గమనించదగిన రసాయనశాస్త్ర విశేషం ఒకటి ఉన్నది. కాల్షియం, ఫ్లోరైడు కలిస్తే కాల్షియం ఫ్లోరైడు ఏర్పడుతుంది. అది నీటిలో కరుగుట బహు స్వల్పం. కనుక కాల్షియం ఎక్కువగా ఉన్న కఠినజలంలో ఫ్లోరైడు పెరుగుటకు అవకాశం తక్కువ. కాల్షియం తక్కువై, సోడియం బైకార్బొనేటు ఎక్కువైన క్షారజలంలో ఫ్లోరైడు అడ్డులేకుండ కరిగి నిలుస్తుంది. అటువంటి నీరే మెత్తని నీరు. సబ్బు బాగా నురిగే నీరు. పప్పు త్వరగా ఉడికే నీరు. అనగా వంటింటి పరీక్ష ఫ్లోరైడును పట్టలేకపోవుట ఒక లోపం మాత్రమే కాదు. అనేకచోట్ల ఫ్లోరైడు అధికంగా ఉన్న బావినే ఆ పరీక్ష మంచినీళ్ల బావిగా ఎన్నిక చేసి చూపగలదు. పెద్దల అనుభవం తప్పు కాకపోయినా, అది చూడలేని వస్తువు ఒకటున్నదని అనుభవానికి తెలియదు.

ఈ కీడును మొట్టమొదట చూడగలిగినవాడు వైద్యుడు కాదు, బడిపంతులు. శాశ్వతదంతాలు చిగుళ్లలో రూపొందే పసితనంలో అధిక ఫ్లోరైడు అందినట్లయితే పంటి పింగాణీ దెబ్బతింటుంది. మొదట సుద్దవంటి తెల్లని మచ్చలు. పిమ్మట అడ్డంగా పసుపు, గోధుమ రంగు చారలు. ఎంత తోమినా పోవు. తరగతిలో సగంమంది పిల్లల పండ్లపై అట్టి చారలు కనిపిస్తే అది పిల్లల అశుభ్రత కాదు, ఊరి బావి ఇచ్చిన సాక్ష్యం. ఏండ్లు గడిచిన పిదప పెద్దలలో ఎముకలు, కీళ్లు బిగుసుకొంటాయి. మెడ వంచి గడ్డం రొమ్ముకు ఆనించలేకపోవుట, మోకాళ్లు మడవకుండ వంగి కాలివేళ్లు తాకలేకపోవుట, రెండు చేతులు తలవెనుకకు చేర్చలేకపోవుట దీని గుర్తులు. ముదిరితే వెన్నెముక వంగి, నరాలు నలిగి, మనిషి మంచం పడతాడు. ఒకసారి వంగిన ఎముకను చక్కచేసే మందు లేదు. మంచి నీరు ముందుగా ఇచ్చుట ఒక్కటే మార్గం.

ముప్పై ఏండ్ల మచ్చ

పంటిమచ్చకు కారణం నీరని తెలియడానికి ప్రపంచానికే చాలకాలం పట్టినది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణానికి 1901లో వచ్చిన ఫ్రెడరిక్ మెకే అనే యువదంతవైద్యుడు అక్కడివారి పండ్లపై గోధుమరంగు మచ్చలు చూసి ఆశ్చర్యపడినాడు. ఆ నీటిని అందుబాటులో ఉన్న పరీక్షలతో శోధించినా దోషం కనబడలేదు. ముప్పై ఏండ్లు గడిచినవి. 1931లో అల్యూమినియం కంపెనీ రసాయనశాస్త్రజ్ఞుడు చర్చిల్ వర్ణపటమాపకంతో వెదకగా నీటిలో ఫ్లోరైడు పట్టుబడినది. కొలిచే సాధనం వచ్చేవరకు కారణం కళ్లెదుట ఉండికూడ కనుపించలేదు.

తెలుగునేలమీద ఈ వ్యాధి శాస్త్రగ్రంథాలకు ఎక్కుటకు ఆ తరువాత ఎక్కువకాలం పట్టలేదు. 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు రాజధానిలోని ఆనాటి నెల్లూరు జిల్లా గ్రామాలలో ఎముకల ఫ్లోరోసిస్‌ను వర్ణించి ప్రకటించినారు. భారతదేశంలో ఈ వ్యాధిపై వెలువడిన తొలి ప్రధాన నివేదికలలో ఇది లెక్కకు వస్తుంది. 1955లో సిద్దీఖీ నల్లగొండ జిల్లాలోని రోగులను పరీక్షించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వ్రాసినారు. ఆ నాటినుండి నల్లగొండ పేరు ప్రపంచ వైద్యశాస్త్రంలో నిలిచిపోయినది. ఆ పేరుకు జిల్లావాసులు చెల్లించిన మూల్యం మాత్రం పుస్తకాలలో పూర్తిగా కనబడదు.

కాలువ తెచ్చిన చిక్కుప్రశ్న

వ్యాసం వెలువడిన ఆ 1955లోనే, డిసెంబరు 10న, ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచినారు. ఎడమ కాలువ పారిన మేర మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ సీమలు మెట్టబీళ్ల నుండి వరిమళ్లుగా మారినవి. మిర్యాలగూడలో మిల్లులు లేచినవి. జొన్న తినే ఇండ్లలో వరి అన్నం ఉడికినది. ఆ కాలువ చేసిన మేలును ఎవరూ తక్కువ చేయజాలరు.

అయితే నీరు ఎక్కడ నడిచినా నేల అడుగున కూడ నడుస్తుంది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక విచిత్ర పరిణామాన్ని తెలిపినారు. ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతంలో కౌమారవయస్కులకు మోకాళ్లు ఒకదానికొకటి తగిలి, పాదాలు ఎడమగా పోతున్నవి. పెద్దవారి వెన్ను బిగియుట పాత సంగతి. పిల్లల కాళ్లు వంకరపోవుట కొత్త సంగతి. పెద్ద జలాశయం నుండి ఊట దిగి భూగర్భజలమట్టం పెరుగుట, నేల క్షారగుణం పొందుట, అందువలన జొన్నలో మాలిబ్డినం అధికమై శరీరంలోని రాగి తరిగిపోవుట కారణాలు కావచ్చునని వారొక సిద్ధాంతాన్ని ప్రతిపాదించినారు.

ఈ సిద్ధాంతం కాలువను దోషిగా నిలిపిన తీర్పు కాదు, విచారణకు పిలుపు. అట్టి విచారణ తేలవలెనంటే కావలసినది ఒక్కటే: కాలువ రాకముందు ఒక బావిలో తీసిన లెక్క, కాలువ వచ్చిన పిదప అదే బావిలో తీసిన లెక్క. మొదటిది లేకపోతే రెండవది ఎంత ఖచ్చితంగా తీసినా సగం సాక్ష్యమే. ఎత్తైన నేలల్లో మరొక మార్పు వచ్చినది. కాలువనీరు అందని ఊళ్లలో చేదబావులు ఎండి, బోరుబావులు లోతుకు, మరింత లోతుకు దిగినవి. లోతులోని నీరు రాతితో ఎక్కువకాలం సహవాసం చేసిన నీరు. ఈ విధంగా ఒకే జిల్లాలో ఒకచోట నీరు పైకి వచ్చి, వేరొకచోట నీరు క్రిందికి పోయి, రెండుచోట్లా పాత బావుల గుణం మారుటకు వీలైనది.

పటిక, సున్నం, ఒక జిల్లా పేరు

కీడుకు ఇచ్చిన పేరే మందుకు కూడ వచ్చినది. నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధనసంస్థ 1970 దశకంలో నీటినుండి ఫ్లోరైడును తీసే ఒక సులభపద్ధతిని రూపొందించి, దానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు పెట్టినది. నీటిలో తగిన పాళ్లలో పటిక, దానిలో ఇరువదవ వంతు సున్నం, కొద్దిగా బ్లీచింగు పొడి కలిపి, పది నిమిషాలు నెమ్మదిగా కలియబెట్టి, గంటసేపు తేరనిచ్చినట్లయితే ఫ్లోరైడులో అధికభాగం తెట్టెతో అడుగుకు దిగుతుంది. పై నీటిని వంచి తీసుకొనవచ్చును. విద్యుచ్ఛక్తి అక్కరలేని పద్ధతి కనుక ఆఫ్రికాలోని టాంజానియా, కెన్యా వంటి దేశాలు కూడ దీనిని ప్రయోగించి చూచినవి. తూర్పు ఆఫ్రికా పల్లెలో ఒక గృహిణి తొట్టెలో పటిక కలుపుతూ నల్లగొండ పేరును ఉచ్చరించడం చరిత్రలోని విచిత్రాలలో ఒకటి.

ఈ పద్ధతికి దాని చిక్కులూ ఉన్నవి. పటిక పాలు నీటిలోని ఫ్లోరైడునుబట్టి, క్షారగుణాన్నిబట్టి మారవలెను. తక్కువైతే ఫ్లోరైడు పోదు. ఎక్కువైతే అల్యూమినియం నీటిలో మిగులుతుంది. అడుగున దిగిన మడ్డిని ఎక్కడ పోయవలెనన్నది వేరొక ప్రశ్న. కనుక మందు వాడుటకు కూడ ముందు కొలత కావలెను.

ఎదురుచూచి విసిగిన జనం 1996లో దేశమంతా వినేటట్లు మాట్లాడినారు. ఆ యేటి లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలిచినారు. వారిలో అధికులు దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపును అందుకొని, గెలుపుకొరకు గాక నీటికొరకు నామపత్రాలు వేసినవారు. అంతమంది పేర్లు ఓటు పత్రంలో ఇముడక పోలింగు వాయిదా పడినది. అదే సంవత్సరం లోక్‌సభ అభ్యర్థుల ధరావతు 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెరిగినది. తరువాతి కాలంలో కృష్ణా జలాలను శుద్ధిచేసి గొట్టాలద్వారా పంపే పథకాలు వచ్చినవి. 2016 ఆగస్టు 7న ప్రారంభమైన మిషన్ భగీరథ ఆ ప్రయత్నాన్ని ఇంటింటి కుళాయిదాక విస్తరించినది. త్రాగే నీటికి నది దిక్కైనది. కాని పొలానికి, పశువుకు, కుళాయి ఆగిన దినాన కడవకు నేలనీరే ఆధారం. కుళాయి వచ్చినదని బావిని మరచుట మరొక పొరపాటు కాగలదు.

మునుపటి లెక్క

ఇంతవరకు చెప్పినది ప్రకృతి చేసిన కీడు. మనిషి ఖనిజంకొరకో, వాయువుకొరకో నేలలోకి రంధ్రం వేసినచోట ప్రశ్న మరింత జటిలమవుతుంది. బావి పాడైనదని ఊరివారు అంటారు. అది మొదటినుండీ అట్లే ఉన్నదని కంపెనీ అంటుంది. ఇద్దరి మధ్య తీర్పు చెప్పగలిగినది పాత లెక్క ఒక్కటే.

ఈ వివాదం అన్నిటికంటె తీవ్రంగా నడిచినది అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో. అక్కడ చాల లోతున మార్సెలస్ అనే షేల్ రాతి పొర ఉన్నది. బంకమట్టి గట్టిపడి ఏర్పడిన ఈ రాతిలో సహజవాయువు ఇరుక్కొని ఉంటుంది. బావిని నిలువుగా దింపి, రాతిపొరలో అడ్డంగా మళ్లించి, ఇసుక, రసాయనాలు కలిపిన నీటిని మహా ఒత్తిడితో పంపి రాతిని పగులగొడతారు. వాయువు బయటికి వస్తుంది. దానితోపాటు పాతాళపు ఉప్పునీరు కూడ పైకి వస్తుంది. దానిలో క్లోరైడు, బ్రోమైడు, బేరియం, స్ట్రాన్షియం, కొంత రేడియం కలిసి ఉంటాయి. ఆ నీరు ఎక్కడ పోసినారన్నది, బావి చుట్టూ పోసిన సిమెంటు చక్కగా పట్టినదా లేదా అన్నది ఊరి నేలనీటి భవిష్యత్తును నిర్ణయిస్తాయి.

2011లో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ప్రాంతపు ఇంటి బావులను పరీక్షించిన ఫలితాలను ప్రకటించినారు. వాయుబావులు పనిచేస్తున్నచోట నీటిలో మీథేను సగటున లీటరుకు 19.2 మిల్లీగ్రాములు; అవి లేనిచోట 1.1. పాతాళపు ఉప్పునీరు గాని, పగులగొట్టుటకు వాడిన రసాయనాలు గాని త్రాగునీటిలో చేరిన జాడ మాత్రం వారికి కనబడలేదు. ఈ అంకెలు వెలువడగానే వాదం లేచినది. ఆ లోయలలో మీథేను తవ్వకానికి పూర్వమే సహజంగా ఉండేదని వేరొక వర్గం వాదించినది. రెండు పక్షాలవారూ శాస్త్రజ్ఞులే. తవ్వకానికి ముందు అవే బావులలో తీసిన లెక్కలు చాలినన్ని పరిశోధకుల చేతిలో ఉండినట్లయితే వాదం అంత దూరం పోవలసిన పని లేదు. 2016 డిసెంబరులో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ తన తుది నివేదికలో, కొన్ని పరిస్థితులలో ఈ పనులు త్రాగునీటి వనరులను దెబ్బతీయగలవని తేల్చినది.

పెన్సిల్వేనియా శాసనకర్తలు ఇందులోనుండి ఒక నీతిని గ్రహించినారు. 2012నాటి చట్టం ప్రకారం షేల్ వాయుబావికి 2,500 అడుగుల లోపల, పని ముగిసిన 12 నెలల లోపల నీటివనరు చెడినట్లయితే బాధ్యత కంపెనీదేనని ముందుగా భావించబడుతుంది. దానినుండి బయటపడుటకు కంపెనీకి ఉన్న మార్గాలలో ఒకటి, తవ్వకానికి పూర్వమే ఆ నీటిని పరీక్షించి దోషం ముందే ఉన్నదని చూపుట. ఆ విధంగా మునుపటి లెక్క తీయుట కంపెనీకి కూడ లాభమైనది.

సూర్యాపేట గ్రానైటు క్రింద షేల్ వాయువు త్రవ్వకాలు లేవు. కాని తెలుగునేల ఈ ప్రశ్నకు దూరంగా కూడ లేదు. భారత ప్రభుత్వం 2013 అక్టోబరులో షేల్ వాయువు అన్వేషణకు విధానం ప్రకటించినప్పుడు, అనువైనవిగా ఎంచిన భూభాగాలలో కృష్ణా గోదావరి పరీవాహకం కూడ ఒకటి. డెల్టాలో పలుచోట్ల త్రాగదగిన తీయనీరు పైపొరలోనే ఉండి, దాని క్రింద ఉప్పునీరు కాచుకొని ఉంటుంది. అక్కడ మునుపటి లెక్క విలువ మరింత పెద్దది.

నల్లగొండ జిల్లాలోనే ఇటువంటి ఘట్టం ఒకటి ఎదురైనది. నాగార్జునసాగరు దాపున లంబాపురం, పెద్దగట్టు ప్రాంతాలలో యురేనియం నిక్షేపాలు కనుగొనబడినవి. త్రవ్వకపు ప్రతిపాదనపై 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగి, తీవ్రమైన వ్యతిరేకత వ్యక్తమైనది. గని తెరువబడలేదు. ఇంతలో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయ పరిశోధకులు జిల్లాలోని ఒక భాగంలో 45 బావులను ఎన్నుకొని, 2008 మార్చి మొదలు 2010 జనవరి వరకు రెండు నెలలకొకసారి అవే బావులనుండి నీరు తీసి ఫ్లోరైడును కొలిచినారు. ఫలితాలు 0.1 మొదలు 8.8 మిల్లీగ్రాముల దాక వచ్చినవి. నమూనాలలో 52 శాతం త్రాగుటకు యోగ్యం. 30 శాతంలో 1.5 దాటినది, మిగిలిన 18 శాతంలో మేలుచేసే పాలు కంటె తక్కువ. ఒకే నేలలో మేలూ, కీడూ, కొరతా పక్కపక్కనే ఉన్నవన్నమాట. ఒక ఊరి బావిని చూచి పక్క ఊరి బావినిగూర్చి తీర్పు చెప్పరాదని ఈ అంకెలు హెచ్చరిస్తున్నవి.

నీటిని పరీక్షించే తీరు

నీటిపరీక్ష ప్రయోగశాలలో మొదలు కాదు, బావిదగ్గర మొదలవుతుంది. చేతిపంపు కొట్టగానే వచ్చే నీరు గొట్టంలో నిలిచిన నీరు. అది నేలనీరు కాదు. కొన్ని నిమిషాలు పంపి, తాజా ఊట వచ్చిన తరువాతనే నమూనా పట్టవలెను. ఫ్లోరైడు పరీక్షకు గాజు సీసా కంటె ప్లాస్టిక్ సీసా మంచిది. ఫ్లోరైడుకు గాజుతో చర్య జరుపుకొనే గుణం ఉన్నది. సీసాను అదే నీటితో రెండు మూడు సార్లు తొలచి నింపి, ఊరు, బావి గుర్తు, లోతు, తేది వెంటనే వ్రాయవలెను. పేరు లేని సీసాలోని నీటికి సాక్ష్యం చెప్పే అర్హత లేదు. లోహాలు కొలువవలసిన సీసాలో కొద్దిగా నత్రికామ్లం చేర్చుతారు. మీథేను కొలువవలసిన సీసాలో గాలిబుడగ ఒక్కటి కూడ మిగులరాదు.

పరీక్ష ఒక్కసారి చేస్తే చాలదు. వానలకు ముందు ఒకసారి, వానల తరువాత ఒకసారి అయినా అదే బావిని చూడవలెను. కొత్త నీరు చేరి కొన్నిచోట్ల పలచబడుతుంది; కొన్నిచోట్ల నేలలోని లవణాలు కరిగి దిగి చిక్కబడుతుంది. కేంద్ర భూగర్భజల మండలి, రాష్ట్ర భూగర్భజలశాఖ తమ పరిశీలన బావులలో నీటిమట్టాన్ని, గుణాన్ని క్రమంగా నమోదు చేయుటకు కారణం ఇదే.

పరీక్ష ఫలితం నిజమో కాదో చూచుకొనుటకు శాస్త్రజ్ఞులకు ఒక చక్కని తూనిక ఉన్నది. నీటిలో ధనావేశం గల కాల్షియం, సోడియం వంటివాటి మొత్తం, ఋణావేశం గల క్లోరైడు, బైకార్బొనేటు వంటివాటి మొత్తం సమానంగా ఉండవలెను. తేడా 5 శాతం దాటితే ఎక్కడో పొరపాటు జరిగినదని అర్థం. వ్యాపారి జమాఖర్చు సరిచూచుకొన్నట్లే ఇదీను.

ఏమి కొలువవలెనన్నది నేలనుబట్టి ఉంటుంది. గ్రానైటు ఊరిలో ఫ్లోరైడు ముఖ్యం. ఎరువులు దండిగా వాడే కాలువ సీమలో నైట్రేటు. దాని హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. అది మీరితే పాలుత్రాగే పసివారికి ప్రమాదం. యురేనియం ఉన్న రాళ్ల దగ్గర యురేనియం. ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పిన హద్దు 30 మైక్రోగ్రాములు. వాయుబావుల సీమలో మీథేను, క్లోరైడు, బ్రోమైడు, బేరియం. మీథేనులోని కార్బన్ ఐసోటోపుల పాళ్లను చూచి, అది పైపొర చిత్తడిలో సూక్ష్మజీవులు పుట్టించినదో, పాతాళపు వేడిలో వండబడినదో చాలవరకు గుర్తించవచ్చును.

బడిలో ఉండదగిన పుస్తకం

ఇవన్నీ పెద్ద ప్రయోగశాలల పనులని బడులు చేతులు ముడుచుకొన నక్కరలేదు. నీటిలో చుక్కలు వేసి, మారిన రంగును పట్టికలోని రంగులతో పోల్చి ఫ్లోరైడును అంచనా కట్టే చిన్న పెట్టెలు దొరుకుతున్నవి. అవి ఇచ్చే అంకె తుదితీర్పు కాదు. అనుమానం కలిగిన బావిని ప్రయోగశాలకు పంపుటకు ఆ అంకె చాలును. ఉపాధ్యాయుని పర్యవేక్షణలో పదవ తరగతి విద్యార్థులు ఊరి బావులన్నిటికి గుర్తులు పెట్టి, ఏటా వేసవి సెలవులకు ముందు, దసరా సెలవుల తరువాత కొలిచి ఒక పుస్తకంలో వ్రాయవచ్చును. పదేండ్లు గడిచేసరికి ఆ పుస్తకం ఊరికి కరణంగారి భూమి లెక్కంత విలువైన పత్రమవుతుంది.

పొలానికి సరిహద్దు రాయి ఉండవలెనని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. రాయి లేని పొలంలో గట్టు ఎవరు జరిపినారో తేలదని అతనికి తెలుసు. నేలలోపలి నీటికి సరిహద్దు రాయి అంకె ఒక్కటే. రేపు ఆ నేలలోకి కాలువ రావచ్చును, కర్మాగారం రావచ్చును, గని రావచ్చును, వాయుబావి రావచ్చును. వాటిలో మేలెంతో కీడెంతో తేల్చుకొనుటకు ఊరివారి చేతిలో వాటికి ముందటి అంకె ఉండవలెను.

నల్లగొండలో ఆ అంకె ఆలస్యంగా వచ్చినది. అది వచ్చేలోపల కొన్ని తరాల ఎముకలే దానిని వ్రాసి చూపినవి. ఇక మీదట ఆ పనిని పిల్లల ఎముకలకు విడువక, పిల్లల నోటుపుస్తకాలకు అప్పగించుట పెద్దల బాధ్యత.